కాలవలు కట్టేసిన నెలన్నరలో చదివినవి

మా ఎరువుల కొట్లో చదువుకి కూడా ఒక సీజనుంది. సార్వా తర్వాత వేసే రెండో పంట, దాళవా, కోతలైపోయి, ధాన్యం మిల్లుకి తోలేసి, కాలవలు కట్టేశాక మళ్ళీ జూన్లో నీళ్ళొదిలేదాకా కొట్టు మెట్లెక్కేవాళ్ళు పెద్దగా ఉండరు. ఎవరైనా వచ్చినా బస్తా కోసం కాదు, ఫ్యాను కోసం. కాసేపు కూర్చుని ఎండల గురించీ, మిల్లులో తేమ పేరు చెప్పి బస్తాకి ఎంత తరుగు తీశారన్న దాని గురించీ మాట్లాడుకుని, కుండలో నీళ్ళు తాగి వెళ్ళిపోతారు. పాత బాకీ మాట నేనెత్తను, వాళ్ళూ ఎత్తరు. ఆ నెలన్నరా గల్లాపెట్టి మీద ఏదో ఒక పుస్తకం బోర్లా పడుకునే ఉంటుంది. మా ఆవిడ దీన్ని "ఈయన మూడో పంట" అంటది. గింజ రాలని పంట అని కూడా అంటది, అది వేరే సంగతి.

చిన్నప్పట్నుంచీ నాకు దూరం పుస్తకాల పిచ్చి. మాస్కోలో తెలుగులో అచ్చయి వచ్చిన రాదుగ వాళ్ళ పుస్తకాలు తాతయ్య ఇంట్లో అటక మీద ఓ పెట్టెడు ఉండేవి, వాటిల్లో మంచు గురించి చదివి చదివి మండపేట ఎండలో దుప్పటి కప్పుకున్నోణ్ణి నేను. మన ఊళ్ళ మీద రాసినవంటే, ఏముందిలే, తెలిసిందేగా అని ఒక చులకన. ఈసారి మాత్రం నాతో నేనే ఒక పందెం వేసుకున్నా. పుస్తకంలో ఊరైనా, రాసినాయన ఊరైనా సరే, మధ్యాహ్నం భోంచేసి బండి మీద బయల్దేరితే దీపాలు పెట్టే వేళకి ఇంటికొచ్చేసేంత దూరంలో ఉండాలి. అంతకి మించి ఒక్క పేజీ కూడా చదవకూడదు. పెళ్ళికని రాజమండ్రి వెళ్ళినప్పుడు ముహూర్తానికీ భోజనాలకీ మధ్య దొరికిన రెండు గంటల్లో కొన్నవి కొన్ని, మా పాత పెట్టెలోవి కొన్ని, ఫోన్లో చదివింది ఒకటి, మొత్తం అయిదారు అయ్యాయి. ఇంకోటి కూడా ఉంది గానీ అది కొన్నది కాదు, దాని గురించి తర్వాత చెప్తా.

అయితే తెలిసిన ఊరి పుస్తకం చదవడంలో ఒక ఇబ్బంది ఉందండీ. రష్యా పుస్తకంలో ఏం రాసినా నమ్మేస్తాం, ఎక్కడో స్టెప్పీలో గుర్రం ఎటు పరిగెత్తితే మనకేంటి. ఇక్కడ అలా కాదు, ప్రతి పేజీకీ "అబ్బే, అటునుంచి రేవుకి దారి లేదే" అనో, "ఆ కులపోళ్ళు ఆ వీధిలో ఎప్పుడున్నారు" అనో అడ్డం తగులుతూనే ఉంటాం. చదువుతున్నట్టుండదు, రావిచెట్టు కింద తగువు తీర్చడానికి కూర్చున్నట్టుంటుంది.

మొదలెట్టింది శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి గారితో. 1891లో పుట్టాడాయన, అనపర్తి దగ్గర పొలమూరులో. పొలమూరు రోడ్డు మీద లోడు లారీ వెనకాల దుమ్ము తింటూ నేనెన్నిసార్లు వెళ్ళుంటానో లెక్క లేదు, అది ఆయన ఊరన్న సంగతి మాత్రం నలభై దాటాక తెలిసింది. ఆయన స్వీయచరిత్ర పేరు "అనుభవాలూ జ్ఞాపకాలూనూ". ఆ చివర "నూ" ఏంటా అని అట్ట మీదే ఆగిపోయా ముందు. తర్వాత గుర్తొచ్చింది, మా మామ్మ అలాగే మాట్లాడేది. "ఉప్పూ చింతపండూనూ పట్రా" అనేది. మామ్మ పోయి పందొమ్మిదేళ్ళు, ఆ "నూ" కూడా ఆవిడతోనే పోయింది మా ఇంట్లోంచి, పోయినట్టు కూడా ఎవరికీ తెలీలేదు. పుస్తకం అట్ట మీద మళ్ళీ కనపడేసరికి కాసేపు తెరవకుండా అలా చూస్తా కూర్చున్నా.

లోపల విషయమేంటంటే, ఇంటిల్లిపాదీ వేదం, సంస్కృతం చదువుకున్న వాళ్ళు, అలాంటి కొంపలో ఒక కుర్రాడికి తెలుగు మీద మనసు పడింది. ఇప్పుడు మనకది వింతగా ఉంటుంది గానీ ఆ రోజుల్లో అలాంటి ఇంట్లో తెలుగులో రాస్తానడమంటే కుర్రాడు చెడిపోయినట్టే లెక్క. మన ఇళ్ళల్లో పిల్లాడు ఇంజనీరింగ్ మానేసి సినిమాల్లోకి పోతానంటే ఎలా ఉంటుందో అలాగ. ఆయన మొండితనం చూస్తే ముచ్చటేస్తది, ఒక్కోసారి ఒళ్ళు మండుతుంది కూడా. ఎవరేమన్నారో, ఎవరు తనని చులకన చేశారో అన్నీ గుర్తుపెట్టుకుని మరీ రాశాడు. పండితుల తగువుల దగ్గర ఓ ముప్ఫై పేజీలు దాటేశా, ఒప్పేసుకుంటున్నా. కానీ చదువు కోసం ఊరు విడిచి గురువుగారి ఊరికి పోవడం, పరాయి ఇంట్లో కుదురుకోవడం, ఏ ఇంట్లో ఏం వడ్డించారు, ఎలా వడ్డించారు, ఇవి రాసినచోట మాత్రం ఒక్క ముక్క వదలబుద్ధి కాలేదు.

ఆయన కథలైతే ఇక చెప్పక్కర్లేదు. కథంతా మాటల్లోనే నడిచిపోద్ది. ఆడవాళ్ళు మాట్లాడుకుంటుంటే మనం పక్కగదిలో పడుకుని నిద్రపోతున్నట్టు నటిస్తూ వింటున్నట్టుంటుంది. కొట్లో చదువుతుండగా ఒక సరదా జరిగింది. విషయసూచిక పేజీ తెరిచి పెట్టి లోపలికెళ్ళా, ఎవరికో పురుగు మందు డబ్బా తియ్యడానికి. వచ్చేసరికి మా పాత ఖాతాదారు ఒకాయన ఆ పేజీ మీద వేలు పెట్టి చూస్తున్నాడు. "వడ్ల గింజలు", "కలుపు మొక్కలు". "వ్యవసాయ శాఖ వాళ్ళదాండీ? మనకీ ఒకటి ఇప్పించండి, ఫ్రీయే కదా" అన్నాడు. కథలండీ అన్నా. "కలుపు మీద కథేంటండీ, మందు కొట్టాలి గానీ" అని లేచి వెళ్ళిపోయాడు. నాకైతే ఇంతకంటే మంచి సమీక్ష ఎక్కడా కనపడలేదు.

ఈ వడ్ల గింజల కథ నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. చదరంగం గురించిన కథ అది, సంస్థానాల కాలం నాటిది, అందులో ఆ పాత లెక్క ఉంది కదా, మొదటి గడికి ఒక గింజ, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు, అలా అరవై నాలుగు గళ్ళకీ రెట్టింపు చేసుకుంటూ పోవడం. చివరికి అది పెద్ద సంఖ్య అవుతుందని చిన్నప్పుడు లెక్కల మాస్టారు చెప్పారు గానీ, పెద్దదంటే ఎంత? నేను వడ్ల మనిషిని, నాకు సున్నాలు చెప్తే ఎక్కదు, బస్తాల్లో చెప్పాలి. మా చిన్నదాన్ని కూర్చోబెట్టి స్వర్ణ వడ్లు వెయ్యి గింజలు లెక్కపెట్టించి విత్తనాల కాటా మీద పెట్టా. ఇరవై గ్రాములు, కాస్త అటూ ఇటూ. ఇక కాలిక్యులేటర్ తీశా.

మొదటి వరస ఎనిమిది గళ్ళకీ కలిపి 255 గింజలు, అంటే చిటికెడు, కోడిపిల్లకి చాలవు. రెండు వరసలకీ కలిపి కేజీంబావు పైచిలుకు. మూడో వరస అయ్యేసరికి నాలుగున్నర బస్తాలు (మాకు బస్తా అంటే 75 కేజీలు). ఇక్కడిదాకా ఏ రాజైనా నవ్వుతూనే ఉంటాడు. నాలుగో వరస, అంటే సగం బల్ల, 1,145 బస్తాలు. ఎకరాకి 45 బస్తాల దిగుబడి వేసుకున్నా పాతికెకరాల దాళవా. ఇప్పుడు కాస్త ఉమ్మి మింగుతాడు. అయిదో వరసకి దగ్గర దగ్గర మూడు లక్షల బస్తాలు, ఆరున్నర వేల ఎకరాలు. ఆరో వరస పూర్తయ్యేసరికి ఏడున్నర కోట్ల బస్తాలు. మన గోదావరి డెల్టా ఆయకట్టు అంతా కలిపి పది లక్షల ఎకరాల పైచిలుకు, ఒక పంట మొత్తం ఊడ్చి పోసినా చాలదు, రెండో పంటలోంచి కూడా మూడింట రెండొంతులు తేవాలి. ఇంకా రెండు వరసలు అలాగే ఉన్నాయి బల్ల మీద. అక్కడితో ఆపేసి కాలిక్యులేటర్ కట్టేశా. గోనె సంచులు ఎక్కడ దొరుకుతాయన్నది ఇంకో బెంగ.

ముళ్ళపూడి వెంకటరమణ గారి "కోతికొమ్మచ్చి" గురించి పెద్దగా చెప్పను, చదవనివాళ్ళు తక్కువ. ధవళేశ్వరంలో పుట్టినాయన, కాబట్టి పందానికి పనికొచ్చాడు. పేరుకి తగ్గట్టే ఒక కొమ్మ మీద ఉన్న కథ అయ్యేలోపు ఇంకో కొమ్మ మీదకి గెంతుతాడు. చిన్నప్పుడే తండ్రి పోయి, తల్లితో మద్రాసు చేరి పడ్డ కష్టాలన్నీ నవ్వుతూ చెప్పేస్తాడు, మనం కూడా నవ్వేసి ఓ గంట తర్వాత, అన్నం తింటుండగా, అదేంటి అందులో తిండి లేదని కదా చెప్పాడు అని గుర్తొచ్చి ముద్ద ఆగిపోతుంది. మొదటి భాగం మూడోసారి చదివా. మూడో భాగం ఇంకా సగంలోనే ఉంది.

వంశీ గారి "మా పసలపూడి కథలు" మళ్ళీ తీశా. 72 కథలు, స్వాతి వారపత్రికలో వచ్చినప్పుడు బాపు గారి బొమ్మల కోసం మా ఇంట్లో కొట్టుకునేవాళ్ళం. పసలపూడి మాకు పక్కనే, ఆ ఊళ్ళో నాకు ఖాతాలు కూడా ఉన్నాయి. అప్పట్లో వారానికొకటి చొప్పున చదివితే భలే ఉండేది. ఇప్పుడు పుస్తకంగా వరసపెట్టి చదివితే, ఎలా చెప్పాలి, పూతరేకులు పొద్దున్నే టిఫిన్ కింద తిన్నట్టయింది. నాలుగు కథలయ్యాక కళ్ళు తిరిగాయి. తిండి గురించి అంత బాగా రాసినోళ్ళు లేరు, పులసైనా, పనసపొట్టైనా, ఆయన రాస్తే వాసనొస్తుంది. కానీ ఊరు మరీ అంత తియ్యగా ఉండదండీ, నేనిక్కడే ఉన్నాను కదా. రోజుకి రెండు కథల చొప్పున మోతాదు పెట్టుకుని చదివాక మళ్ళీ సర్దుకుంది. తప్పు నాదే, డోసు చూసుకోలేదు, ఎరువులమ్మేవాడికి ఆ మాత్రం తెలియొద్దూ.

ఫోన్లో చదివింది ఇంగ్లీషు పుస్తకం. వాల్ష్ అని మద్రాసు సర్కారు ఇంజనీరు, 1896లో గోదావరి డెల్టా పనుల మీద రాశాడు. కథా కాదు కాకరకాయా కాదు, ఆనకట్ట ఎన్ని అడుగులు, రాయి ఎక్కడ తీశారు, గండి ఎక్కడ పడింది, ఇవే. మా ఆవిడ చూసి "ఇది కూడా చదువుతారా మనుషులు" అంది. చదువుతారు. కాటన్ దొర 1847లో మొదలెట్టి 1852కల్లా పని అయ్యిందనిపించిన ఆనకట్ట ఒక్క గోడ కాదు, నది మధ్యలో లంకలుంటాయి కాబట్టి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలు. ఇప్పటి బ్యారేజీ కూడా అదే నాలుగు చేతులతో ఉంది, 175 గేట్లు. దాని మీంచి వెళ్ళేటప్పుడు లంక రాగానే "అయిపోయిందా" అని చిన్నప్పుడు అడిగితే నాన్న "ఇంకా మూడున్నాయిరా" అనేవాడు. అది ఎందుకో ఇన్నాళ్ళకి అర్థమయింది.

అందులో నాకు బాగా నచ్చింది లాకుల సంగతి. మన కాలవలు నీళ్ళ కోసం మాత్రమే తవ్వలేదు, పడవల కోసం కూడా తవ్వారు. కాలవలో మట్టం ఎక్కడ దిగితే అక్కడ ఒక లాకు, అటో తలుపు ఇటో తలుపు, పడవని మధ్యలో పెట్టి తలుపులు మూసి నీళ్ళు నింపితే పడవ పైకి లేస్తుంది, వదిలితే కిందకి దిగుతుంది. శ్రీపాద వారి రోజుల్లో జనం రాత్రి పడవెక్కి నిద్రపోయి తెల్లారి వేరే ఊళ్ళో లేచేవాళ్ళంటే అదే దారి. ఇప్పుడు మా దగ్గర లాకులంటే బస్టాపు పేరు. "లాకుల దగ్గర ఆపండి" అంటాం. లాకు ఏంటని మా చిన్నదాన్ని అడిగితే తాళం అంది, తప్పేం చెప్పలేదు. కాటన్ పేరు మాత్రం ఇంకా కాటా ఎక్కుతోంది, ఎంటీయూ 1010 అని మారుటేరు వాళ్ళ వరి రకముంది, దాని పేరు కాటన్ దొర సన్నాలు. దొర ఉన్నాడా అని అడిగి మరీ విత్తనం పట్టుకెళ్తారు కొంతమంది.

పాలగుమ్మి పద్మరాజు గారి "గాలివాన" ఇరవై పాతిక పేజీల కథ, పుస్తకమని లెక్కపెట్టకూడదేమో, పెడుతున్నా. ఆయనది గోదావరికి అటుపక్క, అత్తిలి దగ్గర తిరుపతిపురం. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ వాళ్ళ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చిన కథ. రావుగారని ఒకాయన, జీవితానికి సరిపడా సిద్ధాంతాలు, నియమాలు అన్నీ సర్దుకుని పెట్టెతో సహా రైలెక్కుతాడు. అదే రైల్లో ఒక బిచ్చగత్తె. ఒక చిన్న స్టేషను, గాలివాన. ఇంతకంటే చెప్తే పాపం తగులుతుంది, చదవనివాళ్ళు చదవండి.

నేనీ కథ కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం చదివా, బయట ఆకు కదలట్లేదు, అయినా నాకు వీపు మీద చలి. 1996 నవంబరు 6. పదో తరగతి అప్పుడు, ముమ్మిడివరం దగ్గర మా మేనత్త వాళ్ళింట్లో ఉండి చదువుకుంటున్నా. పెంకుటిల్లు. పొద్దుగూకాక మొదలైంది. పెంకులు ఒక్కొక్కటీ లేచిపోవడం కాదు, ఎవరో పైకెక్కి పేకముక్కలు పంచుతున్నట్టు వరసగా లేచిపోయాయి. మావయ్య వీధి తలుపుకి రోకలి అడ్డం పెట్టి, దానికి వీపు ఆనించి, కాళ్ళు ఎదురుగోడకి తన్నిపెట్టి రాత్రంతా అలాగే కూర్చున్నాడు. అత్తయ్య మమ్మల్ని ధాన్యం గాదె పక్కన కుక్కి మా మీద పరుపు వేసింది. తెల్లారి తలుపు తీస్తే ఎదురుగా ఒక గుడి గోపురం. నేను ఆ ఇంట్లో అయిదు నెలలుగా ఉంటున్నా, ఆ గోపురం ఎప్పుడూ చూళ్ళేదు. కొత్తగా వచ్చింది కాదు, అది పక్కూరి గుడి. మధ్యలో ఉన్న కొబ్బరితోటలు లేవు, అంతే. ఆ తుఫాన్లో వెయ్యిమందికి పైగా పోయారు, భైరవపాలెం, బలుసుతిప్ప వైపు వేటకెళ్ళిన వాళ్ళలో చాలామంది తిరిగి రాలేదు. గాలివాన ఎప్పుడు ఎక్కడ చదివినా నాకు ముందు ఆ గోపురమే కనపడుతుంది.

ఆఖర్న చదివింది బోయి భీమన్న గారి "పాలేరు". ఇక్కడ పందెంలో కాస్త మోసం చేశా, ఆయనది మామిడికుదురు, వెళ్ళి రావాలంటే చీకటి పడిపోద్ది. 1911లో అక్కడ పేద దళిత కుటుంబంలో పుట్టి, 1975లో "గుడిసెలు కాలిపోతున్నాయ్"కి సాహిత్య అకాడెమీ బహుమతి తీసుకున్న మనిషి. పాలేరు నాటకం, ఒకప్పుడు పల్లెల్లో బాగా ఆడారట. పాలేరు కుర్రాడొకడు చదువుకుని పైకి రావడం కథ. నిజం చెప్పాలంటే నాటకంగా నాకు కొన్నిచోట్ల పాతగా అనిపించింది, ఎవరు మంచివాళ్ళో ఎవరు చెడ్డవాళ్ళో తెర లేవగానే తెలిసిపోద్ది. కానీ అది పక్కన పెట్టి చెప్తున్నా, అప్పటిదాకా చదివిన పుస్తకాలన్నీ నన్ను అరుగు మీద కూర్చోబెట్టాయి. వీధి అరుగో, పడవ చూరో, రైలు పెట్టో, వడ్డించే పీటో. ఈ నాటకం ఒక్కటే నన్ను పశువుల పాక వైపు నుంచి ఇల్లు చూడమంది. అదే వరి, అదే కాలవ, అదే దాళవా. అటునుంచి చూస్తే ఇల్లు చాలా ఎత్తుగా ఉంది.

మా తాతయ్య దగ్గర పాలేరు ఉండేవాడు. నేను పుట్టక ముందు నుంచీ ఉన్నాడు, నాకు ఈత నేర్పింది ఆయనే, కాలవలో, నడుముకి ఎండు సొరకాయబుర్రలు కట్టి. నాన్న కంటే పెద్దవాడు. నేను పేరు పెట్టి, నువ్వు అని పిలిచేవాణ్ణి, ఏడేళ్ళప్పుడు కూడా. ఆయన నన్ను చినబాబుగారనేవాడు. నాటకం మూసేశాక ఆయన ఇంటిపేరేంటా అని ఆలోచించా. తెలీదు. నాన్నని అడిగా. నాన్న చాలాసేపు ఆలోచించి, "ఏడాదికి జీతం పద్దెనిమిది బస్తాలు, పండక్కి పంచెలచాపు, రెండు జతల చెప్పులు" అన్నాడు. ఇంటిపేరు నాన్న ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు.

అందుకే ఇందాక కొన్నది కాదని చెప్పిన పుస్తకం. రాదుగ పుస్తకాల పెట్టెలోనే అడుగున తాతయ్య పద్దుల పుస్తకాలున్నాయి, ఎర్రగుడ్డ అట్టవి, తొమ్మిది. ఇంటిపేరు దొరుకుతుందేమోనని దించా. నేను కొట్టు లెక్కలు రాసేవాణ్ణి కాబట్టి పద్దు చదవడం నాకు కథ చదవడం కంటే సులువు, మూడు సాయంత్రాల్లో తొమ్మిదీ అయిపోయాయి. తాతయ్య చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. పాలేరాయన పేరు ప్రతి పేజీలో ఉంది, ఒట్టి పేరే. పొగాకు, రెండు రూపాయలు. జ్వరం మందు, పదకొండు రూపాయలు. కూతురి పెళ్ళికి అప్పు, నాలుగు బస్తాలు, వడ్డీ లేదు. తాతయ్య చెడ్డవాడు కాదు, వడ్డీ లేదు అన్నది విడిగా గీత గీసి మరీ రాసుకున్నాడు.

1996 పుస్తకంలో నవంబరు 6 పేజీ ఖాళీ. తర్వాతి పేజీలో, సార్వా మొత్తం పడిపోయింది, ఎకరాకి ఏమొస్తుందో తెలీదు, పశువుల పాక సగం లేచిపోయింది, ఇలా నాలుగు లైన్లు. కింద ఎప్పట్లాగే చక్కటి చేతిరాతతో, ఆయన పేరు, పక్కన "7, 8, 9 తారీకులు. నాగా 3". సంక్రాంతికి జీతం లెక్క కట్టిన చోట ఆ మూడు రోజులూ తీసేసి ఉన్నాయి. కూడికలు తీసివేతలు సరిచూశా, అలవాటు కొద్దీ. ఎక్కడా తప్పు లేదు.

ఇదంతా మే నెల సంగతి. నీళ్ళొదిలాక కొట్లో మళ్ళీ జనం మొదలయ్యారు. ఆ పాలేరాయన కొడుకు మొన్న వచ్చాడు, ఆకుమడికి డీఏపీ కావాలని. నాకంటే రెండేళ్ళు పెద్ద, మూడెకరాలు కౌలుకి చేస్తున్నాడు, నా దగ్గర ఎనిమిదేళ్ళ నుంచి ఖాతా ఉంది. ఆయనా అంతే, నేను నువ్వంటా, ఆయన మీరంటాడు. ఎరువు ఇవ్వాలంటే ఆధార్ నంబరు కొట్టి మిషన్లో వేలిముద్ర వేయించాలి కదా, వేశాడు, మట్టి చేతికి మొదటిసారి తీసుకోలేదు, చొక్కాకి తుడుచుకుని మళ్ళీ వేశాడు. చీటీ వచ్చింది. పేరు, ముందు ఇంటిపేరు. ఎనిమిదేళ్ళుగా సీజనుకి రెండుసార్లు నా చేత్తోనే చించి ఇస్తున్న చీటీ.

అడగాలా వద్దా అనుకుంటూనే అడిగేశా, "తొంభై ఆరు తుఫానప్పుడు మీరెక్కడున్నారండీ" అని. అండీ అన్నందుకో ఏమో, ఆయన నావైపు ఒకసారి చూశాడు.

"ఇక్కడేనండి. ఇల్లు పడిపోయింది కదండి. తాటాకు దొరకలేదండి అప్పుడు ఎక్కడా, అందరివీ పడిపోయాయి కదా. నాన్న దానికోసం మూడ్రోజులు తిరిగాడండి. మేం బళ్ళో పడుకున్నాం." కాసేపాగి, "ఎందుకండీ?" అన్నాడు.

ఏం లేదండీ, ఏదో పుస్తకంలో చదివా, అన్నా.

"ఆయ్" అని బస్తా ఎక్సెల్ బండి మీదకెత్తుకుని, తాడు బిగించి, ఖాతాలో రాయమన్నాడు. రాశాను, ఇంటిపేరుతో.